వెంట్రుకను చీల్చే కత్తి

కత్తుల సంగతి తనకు ఇంకొకరు చెప్పాల్సిన రోజు వస్తుందని వెంట్రుకవాసి కలలో కూడా అనుకోలేదు. ముప్ఫై ఒక్కేళ్ళుగా సెలూన్ నడుపుతున్న మనిషి. పొద్దున కాఫీ తాగడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ, రేజర్‌ని తోలుపట్టీ మీద ఆడించకుండా షట్టరెత్తిన రోజు ఒక్కటీ లేదు. ఏం మాట్లాడినా "వెంట్రుకవాసి" అనకుండా ఉండలేడు. వెంట్రుకవాసి ఎడమకి తిరగండి అంటాడు, వెంట్రుకవాసిలో బస్సు తప్పిపోయిందంటాడు, కూరలో ఉప్పు వెంట్రుకవాసి తగ్గిందంటాడు. విని విని వీధిలో వాళ్ళు ఆయనకు అదే పేరు పెట్టేశారు. ఆయన కోప్పడలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా.

అలాంటి మనిషి గురువారం పొద్దున ఒక కత్తుల దుకాణంలో నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

ఎందుకు వెళ్ళాడో చెప్పాలంటే ముందు కూతురి సంగతి చెప్పాలి. ఆయనకు ఒక్కతే కూతురు. పదేళ్ళప్పుడే సెలూన్‌లోకి వచ్చి కూర్చునేది. ఆయన బెలూను ఊది, దానికి సబ్బు నురగ పట్టించి, రేజర్ చేతికిచ్చేవాడు. బెలూను పగలకుండా ఆ నురగంతా గీసెయ్యాలి. గడ్డం గీయడం నేర్చుకునేవాళ్ళకు అదే మొదటి పాఠం. తేడా వస్తే బెలూను కేసు పెట్టదు కదా. వెనక నిలబడి, పిల్ల చేతి మీద తన చెయ్యి వేసి నడిపించి, "తెలిసిందా?" అని అడిగేవాడు. ఆ పిల్ల మిగతా పిల్లల్లా ఊరికే తలాడించేది కాదు. "తెలీలేదు నాన్నా, ఇంకోసారి చూపించు" అనేది. ఆ మాట వింటే ఆయనకు ప్రాణం లేచొచ్చేది. తెలియకుండానే తెలిసిందనేవాళ్ళ చేతుల్లోనే జనం చెవులు తెగుతాయని ఆయన గట్టి నమ్మకం. పదకొండో బెలూను పగల్లేదు. ఆ వారమే ఆయన సెలూన్‌కి రెండో కుర్చీ చేయించాడు.

కుర్చీ అలాగే ఉంది, పిల్ల మాత్రం వంటల కోర్సులో చేరింది. చేరతానని చెప్పిన రోజు ఆయన నోరు ఊరుకోలేదు. "ఉల్లిపాయలు తరగడానికి కూడా కాలేజీ ఉందా? మీ అమ్మ ఏ కాలేజీలో చదివింది?" అన్నాడు. ఒక్క దెబ్బకి ఇద్దరికీ కోపం తెప్పించడమంటే ఇదే. ఆవిడ రెండు రోజులకు చల్లబడింది. కూతురు చల్లబడలేదు. ఎనిమిది నెలలుగా తండ్రీకూతుళ్ళ మాటలన్నీ తల్లి మీదుగానే నడుస్తున్నాయి. "ఏమే, దానికి గొడుగు తీసుకెళ్ళమను" అని ఈయన. "అమ్మా, బయట వాన లేదని చెప్పు" అని ఆ పిల్ల. ముగ్గురూ ఒకే గదిలో ఉండగానే ఈ భాగోతమంతా.

బుధవారం సాయంత్రం కూతురు తల్లికి చెబుతున్న మాటలు ఆయన చెవిన పడ్డాయి. ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి ఓ పెద్ద రెస్టారెంట్ వంటింట్లో చేరాలి. ఎవరి కత్తి వాళ్ళే తెచ్చుకోవాలట.

"మంచి కత్తి జీతం వచ్చాక కొనుక్కుంటానమ్మా. అప్పటిదాకా మన ఇంట్లోదే పట్టుకెళ్తా."

ఇంట్లోది! పిడి విరిగితే గుడ్డపేలిక చుట్టిన కత్తి. టమాటాని కొయ్యమంటే నలిపే కత్తి. ముప్ఫై ఒక్కేళ్ళు పదునుతో బతికిన వాడి కూతురు, పదిమంది ముందు ఆ తుప్పుముక్క బయటికి తీస్తుందా? ఆయనకు తల కొట్టేసినట్టయింది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. "నేనన్నది తప్పే" అని ఎనిమిది నెలలుగా గొంతు దాకా వచ్చి ఆగిపోతున్న మాటని ఒక మంచి కత్తి చెప్పెయ్యగలదని ఆయనకు తట్టింది. కూతురు దాన్ని తన చేతుల్లోంచి తీసుకుని, తనవైపు చూసి ఒక్క మాట మాట్లాడితే చాలు. కత్తి ఎంచడం తనకొక లెక్కా?

లెక్కేనని దుకాణంలో అడుగుపెట్టాక తెలిసింది. మూడు గోడలనిండా కత్తులే. పొడుగువి, పొట్టివి, వెడల్పువి, బక్కవి, పళ్ళున్నవి, గుంటలున్నవి. రెండు చూసేసరికి సరదాగా అనిపించింది, ఇరవై చూసేసరికి కళ్ళు తిరిగాయి. దుకాణం నడిపే ఆవిడ యాభై ఏళ్ళ మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఎవరో గానీ కుడి చెవి దగ్గర సరిగ్గా చెయ్యలేదని ఆయన వెంటనే పసిగట్టాడు.

"ఎవరికండీ?" అందావిడ.

"మా అమ్మాయికి. వంటింట్లో ఉద్యోగం వచ్చింది. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచిది చూపించండి."

"ఏం కోస్తుందండీ?"

"కూరగాయలు." ఒక క్షణం ఆగి, "కొయ్యాల్సినవన్నీ" అని కలిపాడు.

"తోసి కోస్తుందా, లాగి కోస్తుందా? లేకపోతే మొన బోర్డు మీదే ఉంచి ఊపుతూ కోస్తుందా?"

ఆయన ఆవిడ వంక చూశాడు. కొయ్యడమంటే కొయ్యడమే కదా, అందులో ఇన్ని రకాలేమిటి?

"చెయ్యి పెద్దదా, చిన్నదా?"

ఈ వీధిలో ఎవరి తల ఎంతుంటుందో, ఎవరి సుడి ఎటు తిరుగుతుందో ఆయన కళ్ళు మూసుకుని చెప్పగలడు. కూతురి చెయ్యి మాత్రం పదేళ్ళప్పటిదే గుర్తుంది.

"సరే, స్టీలు గట్టిది కావాలా, మెత్తదా?"

"గట్టిదే. గట్టిదే మంచిది కదా?"

"గట్టిదానికి పదును చాలా రోజులు నిలుస్తుంది. కానీ మొండిగా వాడితే పెచ్చులూడుతుంది."

"అయితే మెత్తది ఇవ్వండి."

"మెత్తది పెచ్చులూడదు, కానీ అంచు తొందరగా వాలిపోతుంది. మాటిమాటికీ నూరుకోవాలి."

"మరి ఏది మంచిది?"

"ఏం కోస్తుందన్నదాన్ని బట్టండీ."

మొదలెట్టిన చోటికే వచ్చారు. ఆయనకు చిర్రెత్తింది. తనకు తెలిసిన పరీక్షే పెడదామని ఒక కత్తి తీసుకుని చొక్కా చెయ్యి పైకి మడిచి, ముంజేతి వెంట్రుకల మీద ఆనీ ఆనకుండా నడిపించాడు. నాలుగు తెగాయి, మిగతావి చెక్కుచెదరలేదు.

"దీన్ని పదునంటారా?" అన్నాడు.

ఆవిడ నవ్వు ఆపుకుంది. ఒక క్యారెట్టు తెచ్చి బోర్డు మీద పెట్టింది. ఆయన చిటికెన వేలు పైకెత్తి, గవద కింద రేజర్ నడిపినట్టు సుతారంగా లాగాడు. క్యారెట్టు మీద సన్నటి గీత పడింది, అంతే. ఆవిడ అదే కత్తితో టకటకమని పది ముక్కలు చేసి, "ఇది గడ్డానికి కాదు కదండీ. మీ అమ్మాయి ఎలా కోస్తుందో చూసి రండి" అంది. ఆయన ఉట్టి చేతులతో, నిండా గందరగోళంతో బయటికొచ్చాడు.

సెలూన్‌లో అడిగితే అది ఇంకా ముదిరింది. నురగ పూసుకుని కూర్చున్న డ్రాయింగు మాస్టారు ఆరు కత్తుల సెట్టు కొనమన్నాడు. వెనక బెంచీ మీది మెకానిక్ బరువుంటేనే కత్తి అన్నాడు. పేపరు చదువుతున్న ఇంకొకాయన తేలికగా ఉంటేనే కత్తి అన్నాడు. ముగ్గురిలో ఎవరూ ఎన్నడూ ఒక వంకాయైనా తరిగినవాళ్ళు కాదు. ఆయన అందరికీ తలూపి, అందరి మాటా నమ్మి, ఎటూ తేల్చుకోలేక డ్రాయింగు మాస్టారి మీసం వెంట్రుకవాసి ఎక్కువే కత్తిరించాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. కూతురిని అడిగేస్తే అర నిమిషంలో తేలిపోయేది. కానీ అడగాలంటే మాట్లాడాలి. అందుకని శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల వంటింట్లో ఉల్లిపాయలు కోస్తుంటే, మంచినీళ్ళ వంకతో గుమ్మం దాకా వచ్చాడు. ఒక గ్లాసు తాగాడు. చెయ్యి సరిగ్గా కనబడలేదు. ఇంకో గ్లాసు తాగాడు. మూడోసారికి కడుపు కుండైంది.

"అమ్మా, నాన్నకి ఒంట్లో బాగానే ఉందా? ఇది మూడోసారి రావడం" అంది కూతురు తల తిప్పకుండా.

"ఎండలు అలా ఉన్నాయని చెప్పు" అన్నాడాయన. బయట చలిగా ఉంది.

అయితేనేం, చూడాల్సింది చూశాడు. మొన బోర్డు మీదే ఉంటోంది, పిడి వైపు లేచి పడుతోంది. అంటే ఊపుతూ కోస్తోందన్నమాట. ఆ గుడ్డ చుట్టిన కత్తితోనే ఉల్లిపాయ ముక్కలన్నీ ఒక్క కొలతలో పడుతున్నాయి. అంత కొలతగా తన కత్తెర కూడా కొయ్యదేమోనని ఆయనకు అనిపించింది. కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిపాయ ఘాటని సర్దిచెప్పుకున్నాడు.

చేతి కొలత మాటేమిటి మరి? గిన్నెలు తోమేటప్పుడు కూతురు తొడుక్కునే రబ్బరు గ్లవ్సు పెరట్లో మేకుకు వేలాడుతున్నాయి. శనివారం పొద్దున అందులో ఒకటి జేబులో కుక్కుకుని దుకాణానికి వెళ్ళాడు. "ఇదిగోండి మా అమ్మాయి చెయ్యి" అని బల్ల మీద పరిచాడు. ఆవిడ ఈసారి నవ్వు ఆపుకోలేదు. నవ్వుతూనే గ్లవ్ వేళ్ళ మీద నాలుగైదు పిడులు పెట్టి చూసి, జానెడు కంటే కాస్త ఎక్కువ పొడుగున్న కత్తి ఒకటి తీసింది. గట్టి స్టీలు, నల్లటి పిడి. చేతిలో పెట్టుకుంటే బరువు ఎటూ ఒరగలేదు. ఇదే, అనుకున్నాడు.

"ఒక్క మాటండీ," డబ్బా కట్టేముందు అందావిడ, "అంచు మేం పెట్టినట్టే ఉంచండి. మీరు మాత్రం నూరకండి."

ఆయన సరేనన్నాడు. ఊపిరి తీసుకోవద్దంటే కూడా సరేననొచ్చు, ఆ తరవాత ఎంతసేపు ఆగుతామన్నదే ప్రశ్న.

ఆయన ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగాడు. సెలూన్‌లో రద్దీ తగ్గాక డబ్బా విప్పి ఇంకోసారి ముంజేతి మీద చూసుకున్నాడు. మళ్ళీ నాలుగే తెగాయి. మనసొప్పలేదు. ఇంత మొద్దు కత్తిని కూతురికి ఎలా ఇవ్వడం? పైగా వెంట్రుకవాసి కూతురని తెలిస్తే అక్కడివాళ్ళు ఏమనుకుంటారు? దుకాణం ఆవిడకి కత్తులు అమ్మడం వచ్చుగానీ పదును సంగతి ఏం తెలుస్తుంది? అలా అనుకుని సానరాయి తడిపాడు. రేజర్‌ని నూరేటప్పుడు దాని వీపూ అంచూ రెండూ రాయికి ఆనాలి. ఆయన చేతులకు తెలిసిన పద్ధతి అదొక్కటే. కత్తిని కూడా అలాగే రాయి మీద పడుకోబెట్టి, రెండున్నర గంటలు కదలకుండా కూర్చుని, అంచు కాగితమంత పలచనయ్యేదాకా నూరాడు. తరవాత తోలుపట్టీ మీద వందసార్లు అటూ ఇటూ ఆడించాడు. ఆఖరికి నేల మీద ఊడ్చకుండా ఉన్న వెంట్రుక ఒకటి తీసి, గాల్లో వేలాడదీసి, అంచు తాకించాడు. వెంట్రుక చప్పుడు లేకుండా రెండైంది. ఈమధ్య కాలంలో ఆయనకు అంత తృప్తి కలగలేదు.

ఆ సాయంత్రం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏమే, దీన్ని దానికివ్వు" అన్నాడు భార్యతో.

"మీకు చేతుల్లేవా? ఎనిమిది నెలల్నుంచి పోస్టాఫీసు ఉద్యోగం చేస్తున్నాను, ఈ పార్సిలు నా వల్ల కాదు" అని ఆవిడ చక్కా పెరట్లోకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, "ఒక గ్లవ్ కనబడటం లేదు, మీరేమైనా చూశారా?" అని కూడా అడిగింది.

ఇక తప్పక ఆయనే డబ్బా అందించాడు. కూతురు విప్పింది. చాలాసేపు కత్తినే చూసింది. పిడి పట్టుకుంది. వేళ్ళు సరిగ్గా కూర్చున్నాయి.

"నా చేతికి సరిపోయింది. ఎలా తెలిసింది నాన్నా?" అంది.

నాన్నా అంది! ఆయనకే, నేరుగా. చెప్పాలనుకున్నవన్నీ ఆయన మరిచిపోయాడు. జేబులోంచి గ్లవ్ తీసి బల్ల మీద పెట్టి, "పదునుంది, జాగ్రత్త" అని మాత్రం అనగలిగాడు. ఆ పిల్ల నవ్వింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం పొద్దున కూతురు కొత్త కత్తితో వెళ్ళింది. ఆయన వచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పి, అడగనివాళ్ళకు ఇంకా వివరంగా చెప్పాడు. మధ్యాహ్నం డ్రాయింగు మాస్టారికి ఒక చెంప గీసి రెండో చెంపకు నురగ పూస్తుండగా, తలుపు తోసుకుని కూతురొచ్చింది. ఇంకా ఏప్రన్‌తోనే ఉంది. భుజానికి బరువైన సంచీ ఉంది. అందులోంచి కత్తి తీసి అద్దం ముందు పెట్టింది.

అంచు మీద మూడు చోట్ల పెచ్చులూడిపోయి ఉన్నాయి.

"మొదటి గుమ్మడికాయకే, టప్‌మంది" అంది కూతురు.

ఆయన వంగి అంచుని దగ్గరగా చూశాడు. "మోసం చేసింది ఆవిడ! నాసిరకం స్టీలు అంటగట్టింది. ఇప్పుడే వెళ్ళి..."

"నాన్నా. నువ్వు నూరావా దీన్ని?"

"కొంచెం."

"ఎంత?"

"వెంట్రుకని చీల్చేంత."

కూతురు కళ్ళు మూసుకుని తెరిచింది. "పెద్ద చెఫ్ అంచు చూసి, ఎవరు నూరారని అడిగారు. మా నాన్న అన్నాను. మీ నాన్న చాలా గొప్ప పనివాడమ్మా, కాకపోతే గుమ్మడికాయకి గడ్డం గీద్దామనుకున్నాడు అన్నారు. అందరూ నవ్వారు."

"నువ్వూ నవ్వావా?"

"నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలీలేదు."

ఆయన బ్రష్షు పక్కన పెట్టాడు. పదును ఎక్కువైతే పాడవడమేమిటి? ఉప్పెక్కువైతే కూర పాడవుతుంది, నిజమే. ఎండెక్కువైతే మొక్క పాడవుతుంది. కానీ పదునెక్కువైతే? ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆయన లోకంలో ఎంత పదునుంటే అంత మంచి. ఆ లోకాన్ని ఒక గుమ్మడికాయ పగలగొట్టేసింది. అన్నిటికంటే దిగులేమిటంటే, ఎనిమిది నెలలకు తెరుచుకున్న తలుపు ఒక్క పూటకే మళ్ళీ మూసుకుందేమోనని.

"ఇంకోటి కొనిస్తాను. ఈసారి ముట్టుకోను, ఒట్టు" అన్నాడు.

"ఇంకోటొద్దు నాకు. ఇదే కావాలి" అంటూ కూతురు సంచీలోంచి సగం గుమ్మడికాయ తీసింది. దువ్వెనలూ పౌడరు డబ్బా పక్కకి నెట్టి, అద్దం ముందున్న చెక్క మీద బోర్లించింది. ఆ కత్తినే ఆయన చేతికిచ్చింది. "కొయ్యి."

"నేనా?"

"కొయ్యి నాన్నా. చూస్తా."

ఆయన చిటికెన వేలు లేచింది. అంచుని తొక్క మీద ఆనించి మెల్లగా లాగాడు. గీత పడింది. మళ్ళీ లాగాడు. ఇంకో గీత. కుర్చీలో డ్రాయింగు మాస్టారు ఒక చెంప నురగతో మెడ సాచి చూస్తున్నాడు.

కూతురు ఆయన వెనక్కి వచ్చి నిలబడింది. ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది. ఆ చెయ్యి గ్లవ్‌లో ఉన్నంతే ఉంది, కానీ బలం మాత్రం గ్లవ్‌లో కనబడలేదు.

"ఇది బెలూను కాదు. మణికట్టుతో లాగకు. భుజం నుంచి తొయ్యి. కిందకీ ముందుకీ, రెండూ ఒకేసారి. ఊ."

రెండు చేతులూ కలిసి తోశాయి. తొక్క కాసేపు మొండికేసింది. ఆ బరువంతా వచ్చి సన్నటి అంచు మీద ఎక్కడ కూర్చుంటోందో, పిడిలోంచి ఆయన అరచేతికి తెలుస్తూనే ఉంది. రేజర్‌కి ఇలాంటి కష్టం ఎన్నడూ రాదు. కర్రుమని చప్పుడు చేసి గుమ్మడికాయ రెండుగా విడిపోయింది.

"ఈ బరువంతా అది మొయ్యాలి నాన్నా. రోజుకి మూడు వందల సార్లు. అందుకే అంచుకి కాస్త కండ ఉంచాలి. ఎంత ఉంచాలో నీ చేతికే తెలియాలి, ఇంకెవరు నూరినా నాకొద్దు." కూతురు వెనకనుంచే అడిగింది. "తెలిసిందా?"

ఆయన గుమ్మడికాయ వంక చూశాడు. కత్తి వంక చూశాడు. అద్దంలో తన వెనక నిలబడ్డ కూతురి మొహం చూశాడు. ముప్ఫై ఒక్కేళ్ళ అనుభవం అవునని తలాడించెయ్యమంటోంది.

"తెలీలేదు తల్లీ," అన్నాడు, "ఇంకోసారి చూపించు."

ఆ పిల్ల చెయ్యి తియ్యలేదు.